1/32లో కొత్త తరం రేసు కార్లు: ఏవి కంటికి ఆనతాయి, ఏవి ఆనవు?

#1 పినియన్_11

మా స్లాట్ కార్ల (ట్రాక్ గాడిలో కరెంటుతో పరుగెత్తే 1/32 నమూనా కార్ల) క్లబ్బు ట్రాక్ మీద ఒక లేన్లో 1980ల నాటి పోర్షే 962, పక్క లేన్లో ఇప్పటి హైపర్‌కారు (లెమాన్ 24 గంటల రేసులో పై తరగతి కారు) వదిలితే, చుట్టూ నిలబడ్డవాళ్ల చూపు ఎక్కువగా 962 వెంటే పోతుంది. కొత్త కార్లు అందంగా లేవని నేను అనుకోను. ఫెరారీ 499పి ఫొటో చూసినా, 2022 తర్వాతి ఎఫ్‌వన్ కారు చూసినా కళ్లు తిప్పుకోలేం. మరి 32వ వంతుకి దించేసరికి ఆ ఊపు ఎక్కడ పోతోంది? అచ్చులోనా, రంగులోనా, చక్రాల దగ్గరా? మా దగ్గర ఒక మోడరన్ క్లాసు పెట్టాలన్న ఆలోచన ఉంది. అందుకని పాతవే గొప్పవని వదిలెయ్యకుండా ఏది ఎందుకు బాగుంటుందో, బాగోనిదాన్ని ఎలా బాగుచేసుకోవచ్చో కొలతలతో చెప్పండి.

#2 గ్రూప్‌సి_మూర్తి

ముందు చూసే కోణం తేల్చుకోవాలండీ. అల్మరాలో ఉన్న కారుని పక్కనుంచి, దగ్గరగా చూస్తాం. ట్రాక్ దగ్గర పైనుంచి, ఏటవాలుగా, ఒకటిన్నర రెండు మీటర్ల దూరంలో చూస్తాం. 2 మీటర్ల దూరంలో మంచి చూపున్నవాళ్లకి కూడా సుమారు 0.6 మి.మీ. కంటే చిన్న వివరం విడిగా తెలియదు. దాన్ని 32తో గుణిస్తే అసలు కారు మీద 19 మి.మీ. అంతకంటే సన్నని రెక్కలు, చీలికలు, అంచులు ఎన్ని ఉన్నా ట్రాక్ మీద అవి గరుకుగా కనబడతాయే తప్ప రూపంగా కనబడవు.

962ని పైనుంచి చూడండి. గాజు బుడగ, ముందు రెండు ఫెండర్లు (చక్రాల మీది కప్పులు), పొడుగాటి తోక, దాని మీద రెక్క. అంతే, నాలుగైదు ఆకారాలు. రంగులూ అలాంటివే. 1988లో లెమాన్ గెలిచిన జాగ్వార్ ఎక్స్‌జేఆర్-9 ఊదా తెలుపు పట్టీలు, 1991 నాటి మాజ్దా 787బి నారింజ ఆకుపచ్చ గళ్లు అసలు కారు మీద జానెడు, మూరెడు వెడల్పున ఉంటాయి. 1/32లో కూడా అవి 5, 10, 15 మి.మీ. మిగులుతాయి. 0.6 దగ్గర కరిగిపోవు.

కాబట్టి కొత్త కారు కొనేముందు దాని ఫొటోని ఫోన్లో బొటనవేలు గోరంత చేసి చూడండి. ఆ సైజులో ఏ కారో గుర్తుపట్టగలిగితే ట్రాక్ మీద కూడా బాగుంటుంది.

#3 హేలో_ఫ్యాన్

మూర్తి గారి లెక్క ఒప్పుకుంటాను, కానీ దాన్నిబట్టి ఎఫ్‌వన్ మొత్తాన్ని పక్కన పెట్టకూడదు. 2017 నుంచి 2021 దాకా వచ్చిన కార్లకి సైడ్‌పాడ్ (పక్క ఉబ్బు) ముందు బార్జ్‌బోర్డులు, అంటే గాలిని మళ్లించే చిన్న పలకలు, గుత్తులు గుత్తులుగా ఉండేవి. 1/32 అచ్చులో అవన్నీ ఒక ముద్ద. 2022 నిబంధనలు వాటిని తీసేసి, డౌన్‌ఫోర్స్‌లో (కారుని నేలకి నొక్కే గాలి బలంలో) ఎక్కువ భాగాన్ని కారు అడుగున ఉన్న సొరంగాలకి అప్పజెప్పాయి. దాంతో పైభాగం నున్నగా, పెద్ద పెద్ద వంపులతో వచ్చింది. స్లాట్ కారుకి కావలసింది అదే. ఎన్‌ఎస్‌ఆర్ వాళ్ల ఫార్ములా 22 ఆ ఆకారాన్నే తీసుకుంది, చూడండి.

కొలతలు: 2017 నుంచి 2025 దాకా వెడల్పు 2000 మి.మీ., అంటే మనకి 62.5. 2009 నుంచి 2016 దాకా 1800, అంటే 56. ఆ కాలం కార్లకి ముందు రెక్క మరీ వెడల్పు, వెనక రెక్క ఇరుకుగా, ఎత్తుగా ఉంటుంది. పైనుంచి చూస్తే ముందు వెనక పొంతన కుదరదు. 2014 ముక్కుల సంగతి చెప్పక్కర్లేదు. 2026 కార్లకి వెడల్పు 1900, మనకి 59.4.

హేలో (డ్రైవరు తల చుట్టూ ఉండే రక్షణ వంపు) మాత్రం నిజంగా ఇబ్బందే. 2018 నుంచి తప్పనిసరి. అచ్చులో విరగకుండా ఉండాలని తయారీదార్లు దాన్ని లావుగా పోస్తారు, దాంతో డ్రైవరు హెల్మెట్ కనబడదు. మూడు పనులు చేయండి. హేలోని బాడీ రంగుతో కాకుండా శాటిన్ (సగం మెరుపు) నలుపుతో వేస్తే సన్నగా అనిపిస్తుంది. హెల్మెట్‌కి గాఢమైన రంగు వేసి దాని మీద మాత్రమే మెరిసే క్లియర్ (రంగులేని వార్నిష్) కొట్టండి, కదిలేటప్పుడు మెరుపు కన్నుని లాగుతుంది. వంపు పైఅంచుల్ని 600 నీటి కాగితంతో గుండ్రంగా చెయ్యండి. నడిమి స్తంభాన్ని మాత్రం 1 మి.మీ. కంటే సన్నం చెయ్యొద్దు, కారు తిరగబడితే మొదటి దెబ్బ దానికే.

#4 డెకాల్_డెస్క్

ఎఫ్‌వన్‌లో హేలో కంటే పెద్ద సమస్య నలుపు. బరువు తగ్గించుకోవడానికి 2023లో చాలా టీములు రంగు గీకేసి కార్బన్‌ని అలాగే వదిలేశాయి. అసలు కారు మీద ఆ కార్బన్ ఎండలో మెరుస్తుంది. 1/32లో అదే చోట నల్ల ప్లాస్టిక్ కనబడుతుంది, రంగు వెయ్యడం మరిచిపోయినట్టు.

చాలామంది వెంటనే కార్బన్ అల్లిక డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే పల్చటి స్టిక్కర్) అంటిస్తారు. అది ఇంకా దెబ్బ. అసలు అల్లికలో ఒక్కో పట్టీ 2 నుంచి 4 మి.మీ. ఉంటుందనుకుంటే 1/32లో 0.06 నుంచి 0.12 మి.మీ. కంటికి కనబడే ప్రసక్తే లేదు. బజార్లో దొరికే డెకాల్ అల్లిక దానికి చాలా రెట్లు పెద్దది, కారుకి గళ్ల లుంగీ కట్టినట్టు ఉంటుంది. సరైన మార్గం మూడు నలుపులు: రెక్కలకీ ఫ్లోర్‌కీ శాటిన్ నలుపు, బాడీ మీద కార్బన్ భాగాలకి నలుపులో పదో వంతు ముదురు నీలం బూడిద కలిపిన శాటిన్, గాలి రంధ్రాల లోపల పూర్తి మ్యాట్ నలుపు. పక్కపక్కన ఉన్నప్పుడు ఈ తేడాలే ఆకారాన్ని విడదీసి చూపిస్తాయి.

#5 స్వాన్‌నెక్

మోడరన్ క్లాసుకి నా ఓటు హైపర్‌కార్లకే. కారణం నిబంధనల్లోనే ఉంది. ఎల్‌ఎంహెచ్, ఎల్‌ఎండీహెచ్ (హైపర్‌కార్లలో రెండు రకాలు) కార్లకి డౌన్‌ఫోర్సూ డ్రాగూ (గాలి నిరోధం) ఒక నిర్ణీత పరిధిలో ఉండాలి, ఆపైన కార్ల వేగాల్ని సమం చేసే బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ ఉండనే ఉంది. ఇంకో చిన్న రెక్క తగిలించి లాభపడే దారి మూసుకుపోవడంతో డిజైనర్లకి ఆకారం మీద చెయ్యి ఆడింది. అందుకే పోర్షే 963ని, క్యాడిలాక్‌ని, బీఎండబ్ల్యూని ముందు దీపాలు చూసి చెప్పేయొచ్చు. హైపర్‌కార్లకి ముందున్న ఎల్‌ఎంపీ1 తరగతి చివరి రోజుల్లో ఇంత తేడా ఉండేది కాదు.

వాటిలో స్లాట్ కారుకి పుట్టినట్టున్నది ప్యూజో 9ఎక్స్8 మొదటి రూపం. 2022 జులైలో మోంజాలో వెనక రెక్క లేకుండానే పరుగు మొదలుపెట్టింది. 2024లో ఇమోలా నుంచి రెక్క పెట్టుకుంది. మనకి రెక్క లేకపోవడం అంటే విరిగేది ఒకటి తగ్గడం, పైనుంచి చూస్తే తోక మొత్తం ఒకే పలకగా కనబడడం. రెజిన్ బాడీ గానీ త్రీడీ ప్రింట్ గానీ చేయించుకునేవాళ్లు 2022, 2023 రూపాన్నే ఎంచుకోండి.

మిగతావాటికి రెక్క తప్పదు. ఇప్పటి రెక్కలు స్వాన్‌నెక్ (హంస మెడలా వంగిన) స్తంభాల మీద పైనుంచి వేలాడతాయి. ఆ స్తంభాలు మొదట్లోనే పుటుక్కున విరుగుతాయి. విరిగాక సూపర్ గ్లూతో అంటిస్తే అదే చోట మళ్లీ విరుగుతుంది, ఎందుకంటే ఆ జిగురు గట్టిదే గానీ పెళుసు. పైగా దాని ఆవిరి క్లియర్ మీద తెల్లటి మచ్చ వదులుతుంది. కొత్తగా ఉన్నప్పుడే ఇలా చెయ్యండి: స్తంభం అడుగున, బాడీలో 0.6 మి.మీ. బిట్‌తో రంధ్రాలు, వాటిలో 0.5 మి.మీ. పియానో తీగ 8 మి.మీ. ముక్క. తీగని బాడీ వైపు ఎపాక్సీతో బిగించండి. స్తంభం వైపు జిగురు వద్దు, లోపలినుంచి సిలికాన్ సీలెంట్ చుక్క చాలు. దెబ్బ తగిలితే రెక్క ఊడి వస్తుంది, విరగదు. రేసు మధ్యలో మళ్లీ గుచ్చేసి వదలొచ్చు.

#6 పినియన్_11

స్వాన్‌నెక్ గారూ, ఎండ్‌ప్లేట్ల (రెక్క రెండు చివర్ల నిలువు పలకల) మందం సంగతి? దూరంనుంచి కూడా ఆ రెక్క ప్లాస్టిక్ అని తెలిసిపోతోంది.

#7 స్వాన్‌నెక్

అసలు కార్బన్ పలక మహా అయితే పది మి.మీ. లోపు. 32తో భాగిస్తే 0.3. అచ్చులో 0.8 కంటే సన్నగా పోస్తే ప్లాస్టిక్ చివరిదాకా పారదు, పారినా విరుగుతుంది. మొత్తం పలకని అరగదియ్యక్కర్లేదు. కంటికి తెలిసేది అంచు మందమే. లోపలి వైపునుంచి అంచు వెంబడి 2 మి.మీ. మేర ఏటవాలుగా 400తో మొదలుపెట్టి 800తో ముగించండి, అంచు 0.3 దగ్గరికి వస్తుంది, నడుమ బలం అలాగే ఉంటుంది. రెక్క వెనకంచుకి కూడా ఇదే, కింది వైపునుంచి. తర్వాత ఆ అంచుకి మాత్రం నలుపు.

#8 లేన్2_విశాఖ

అందం గురించి మాట్లాడేటప్పుడు పొడవుని మరిచిపోకండి. 2022 ఎఫ్‌వన్‌కి వీల్‌బేస్ (ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం) పరిమితి 3600 మి.మీ., మనకి 112.5. హైపర్‌కారుకి గరిష్ఠంగా 3150, అంటే 98.4. పోర్షే 917కి 2300, అంటే 72. చిన్న ట్రాక్ మీద ఈ తేడా కారు నడకనే మార్చేస్తుంది.

గైడు (ముందు అడుగున స్లాట్‌లో దిగి కారుని నడిపే ముక్క) నుంచి వెనక ఇరుసు దూరం 75 మి.మీ. అయితే, 300 మి.మీ. వ్యాసార్ధం ఉన్న వంపులో వెనక భాగం స్లాట్ కంటే సుమారు 9.5 మి.మీ. లోపలికి నడుస్తుంది. అదే దూరం 100 అయితే 17 మి.మీ. లోపలికి. తోక బయటికి విసిరే అందమే మనం చూసేది. పొడుగు కారు ముందు ఆ 17 మి.మీ. పూడ్చుకుని, ఆ తర్వాతే బయటికి జారాలి. అందుకే బిగుతు వంపుల్లో అది రైలు పెట్టెలా బిర్రబిగుసుకుని పోతుంది. లోపలి లేన్లో ఉంటే గోడనో, పక్క కారునో గీరుతుంది కూడా.

ఇంట్లో చిన్న లేఅవుట్ ఉన్నవాళ్లకి హైపర్‌కారే కష్టం, ఎఫ్‌వన్ అయితే అసలు వద్దు. జీటీ3 తీసుకోండి. వెడల్పు 2 మీటర్ల చుట్టూ, వీల్‌బేస్ తక్కువ, ఆకారం రోడ్డు మీద కనబడే కారుదే కాబట్టి చూసే పిల్లలు కూడా పేరు చెప్పేస్తారు.

#9 హేలో_ఫ్యాన్

లేన్2 అన్నా, చిన్న వంపులకి మీ లెక్క సరే. కానీ వ్యాసార్ధం 500 దాటితే 100 మి.మీ. కారుకి కూడా లోపలి జరుగుడు 10 మి.మీ.కి వచ్చేస్తుంది. రూటెడ్ (గాడి కోసిన) చెక్క ట్రాక్ ఉన్న క్లబ్బుల్లో పొడుగు కారు స్ట్రెయిట్ చివర బ్రేకు పట్టి వంపులోకి దిగే తీరు చాలా అందంగా ఉంటుంది, తోక నెమ్మదిగా కదులుతుంది, చూడ్డానికి బరువున్న కారులా అనిపిస్తుంది. ట్రాక్‌ని బట్టి క్లాసు పెట్టుకోవాలి తప్ప కారుని తప్పు పట్టకూడదు.

#10 స్టాన్స్_సెట్

ఇంతమంది రాశారు, చక్రాల గురించి ఎవరూ ఎత్తలేదు. కొత్త కారు బొమ్మలా అనిపించడానికి సగం కారణం అక్కడే ఉంది.

హైపర్‌కారు టైరు వ్యాసం 710 మి.మీ. వెడల్పు ఎల్‌ఎండీహెచ్‌కి ముందు 290, వెనక 340. 9ఎక్స్8 మొదటి రూపానికి నాలుగూ 310. 1/32లో వ్యాసం 22.2, వెనక వెడల్పు 10.6. మనవాళ్లు వాడే వెనక టైరు వ్యాసం సాధారణంగా 20 దగ్గర ఉంటుంది. వెడల్పు సరిపోయింది, వ్యాసంలో 2 మి.మీ. లోటు. ఆ లోటు ఫెండర్ కింద నల్లటి ఖాళీగా కనబడుతుంది. ఎక్స్‌జేఆర్-9 లాంటి గ్రూప్ సి (1980ల లెమాన్ తరగతి) కారులో వెనక చక్రం తోక కింద సగం దాక్కుంటుంది కాబట్టి తెలియదు. ఇప్పటి కారులో చక్రం పూర్తిగా బయటపడి ఉంటుంది, అందుకే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

రిమ్ విషయంలో అదృష్టం మన వైపు ఉంది. 18 అంగుళాలు అంటే 457 మి.మీ., మనకి 14.3. బయటి అంచు కలుపుకుంటే 15 పైన. స్లాట్.ఇట్ కంపెనీ 15.8 రిమ్ దాదాపు సరిగ్గా కూర్చుంటుంది. 17.3 రిమ్ మీద పల్చటి టైరు వేస్తే పట్టు బాగుండొచ్చు గానీ కారు షోరూమ్ కారులా కనబడుతుంది. రేసు కారుకి టైరు గోడ కనబడాలి.

ఖాళీ తగ్గించడానికి రెండు దార్లు. మొదటిది టైరు 21కి పెంచడం. 11/28 గేర్లతో (మోటారు పినియన్‌కి 11 పళ్లు, ఇరుసు మీది క్రౌన్‌కి 28) 20 మి.మీ. టైరు మోటారు ఒక్క చుట్టుకి 24.7 మి.మీ. ముందుకి పోతుంది. 21 అయితే 25.9. వంపు దాటాక లాగుడు తగ్గుతుంది. క్రౌన్ 29 వేస్తే మళ్లీ 25.0కి వస్తుంది. ఇరుసు 0.5 మి.మీ. పైకి లేస్తుంది కాబట్టి మాగ్నెట్ ఉన్న కారయితే పట్టు బాగా పడిపోతుంది, మాగ్నెట్‌ని అంతే మేర కిందికి దించాలి. గైడు దగ్గర కూడా పలచని వాషర్ వేసి కారుని సమం చెయ్యండి, లేకపోతే ముక్కు కిందికి వాలి బ్రెయిడ్ (ట్రాక్ నుంచి కరెంటు తీసుకునే తీగల జడ) మడమ లేస్తుంది.

రెండోది బాడీని దించడం. బాడీ స్క్రూ స్తంభాల్ని 0.5 మి.మీ. అరగదియ్యండి, నాలుగూ ఒకే కొలతలో ఉండాలి. డిజిటల్ కాలిపర్‌తో చూసుకోండి. తర్వాత టైరు మీద తెల్ల మార్కర్ పూసి బాడీని చేత్తో అటూ ఇటూ ఊపండి, ఫెండర్ లోపల తెల్లటి గీత ఎక్కడ పడితే అక్కడ టైరు తగులుతోందని అర్థం. అక్కడ లోపలినుంచి గీకండి, మందం 0.8 దాకా ఆగండి. చివర్లో స్క్రూలు పూర్తిగా బిగించి అర చుట్టు వెనక్కి తిప్పండి, బాడీ కొద్దిగా ఊగాలి.

ఇంకొకటి. చక్రం బయటి ముఖం ఫెండర్ అంచుకి సమానంగా ఉందా? 1.5 మి.మీ. లోపలికి ఉన్నా కారు కాళ్లు దగ్గర పెట్టుకున్నట్టుంటుంది. ఇరుసు మీద 0.5 స్పేసర్లతో సరిచెయ్యండి.

#11 గ్రూప్‌సి_మూర్తి

పదో పోస్టుని ఈ విభాగంలో పైన పిన్ చెయ్యాలి. వెనక చక్రం దాక్కోవడం గురించి చెప్పింది అక్షరాలా నిజం.

#12 డెకాల్_డెస్క్

రంగుల విషయానికొద్దాం. పైనుంచి చూస్తాం కాబట్టి పక్కల మీద చిన్న స్పాన్సర్ పేర్లు సగం వదిలేసినా ఎవరికీ తెలియదు. ముక్కు, పైకప్పు, ఇంజన్ కవర్, ఫిన్ మాత్రం పక్కాగా ఉండాలి. 2025లో లెమాన్ గెలిచిన 83 నంబరు పసుపు 499పి ట్రాక్ మీద ఫెరారీ సొంత టీము ఎర్ర 499పి జంట కంటే తేలిగ్గా కనబడడానికి కారణం ఇదే, పెద్ద మేర ఒకే లేత రంగు.

సొంతంగా డెకాల్ వేసుకునేవాళ్లు జాగ్రత్త పడాల్సినవి:

లేజర్, ఇంక్‌జెట్ మామూలు ప్రింటర్లు తెలుపు ముద్రించవు. ముదురు బాడీ మీద పసుపు డెకాల్ అంటిస్తే మురికి ఆకుపచ్చ అవుతుంది. ఆ ఆకారంలో ముందు తెల్ల డెకాల్ కత్తిరించి అంటించి, దాని మీద రంగుది వెయ్యండి. తెల్లది చుట్టూ 0.2 మి.మీ. చిన్నదిగా ఉండాలి.

ఇంక్‌జెట్ షీట్‌ని నీళ్లలో వేసేముందు క్లియర్ మూడు పల్చటి పొరలు కొట్టి ఒక రాత్రి ఆరనివ్వండి. లేకపోతే సిరా కారిపోతుంది.

బాడీని గిన్నెల సబ్బుతో కడిగి, నున్నగా మెరిసే ఉపరితలం మీదే అంటించండి. మ్యాట్ మీద అంటిస్తే గరుకులో గాలి చిక్కుకుని అంచులు వెండిలా మెరుస్తాయి. గోరువెచ్చని నీళ్లలో 20, 30 సెకన్లు, తీసి ఒక నిమిషం పక్కన పెట్టండి. జారడం మొదలయ్యాక మైక్రో సెట్ (డెకాల్ అంటుకోవడానికి పూసే ద్రవం) తడి మీదకి జార్చి, నడుమనుంచి అంచులకి దూదిపుల్లతో ఒత్తండి. ఫెండర్ మీద రెండు వైపులా వంపు ఉన్నచోట అంచునుంచి 2 మి.మీ. గాటు పెట్టి మైక్రో సాల్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) పూయండి. అది ముడతలు పడుతుంది. ఆ ముడతల్ని చూసి కంగారుపడి వేలు పెట్టారా, చిరుగుతుంది. వదిలేస్తే దానంతటదే సర్దుకుంటుంది. రెండోసారి, అవసరమైతే మూడోసారి పూయండి.

పైన క్లియర్ మొదటి పొర పొగమంచులా మాత్రమే. లక్కర్ ఒకేసారి తడిగా కొడితే థిన్నర్ డెకాల్‌ని కరిగించి ముడుస్తుంది. మొత్తం రెండు పొరలు చాలు. ఆపైన ప్రతి పొరా కారు పైభాగంలో బరువే, వంపులో దొర్లించేది ఆ బరువే.

#13 లేన్2_విశాఖ

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఒక మాట కలపాలి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు వానాకాలంలో లక్కర్ కొడితే పాలు పోసినట్టు తెల్లబడుతుంది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలో తేమని పట్టేస్తుంది. గీకెయ్యకండి. పొడి రోజు చూసి, నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ని ఒక్క పల్చటి పొర కొడితే చిక్కుకున్న తేమ బయటికి పోయి మళ్లీ తేటగా అవుతుంది.

హైదరాబాద్, రామగుండం ఎండల్లో దీనికి తలకిందులు. రంగు బాడీని చేరేలోపే గాల్లో ఆరి ఇసుకలా పడుతుంది. పొద్దున్నే కొట్టండి, డబ్బాని 15 సెం.మీ. దగ్గరికి తెచ్చుకోండి.

#14 సాగర్‌రోడ్_ల్యాప్

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన ఫార్ములా ఈ (కరెంటు రేసు కార్ల పోటీ) జెన్3 కారు గురించి కూడా చెప్పండి. మన ఊరి రోడ్డు మీద నడిచిన కారు కదా, క్లాసులో ఒకటైనా ఉండాలని ఆశ.

#15 హేలో_ఫ్యాన్

కొలతలు చూస్తే ముచ్చటైన కారే: పొడవు 5016, వెడల్పు 1700, వీల్‌బేస్ 2970. మనకి 156.8, 53.1, 92.8. పైనుంచి చూస్తే బాణం ములుకు, మూర్తి గారి గోరు పరీక్షలో నెగ్గుతుంది. వెడల్పు తక్కువ కావడంతో ఎఫ్‌వన్ పక్కన పెడితే దొర్లుతుంది, కాబట్టి వాటిని విడిగా పరుగెత్తించండి. సీసం పలకలు ఫ్లోర్ మీద మోటారుకి రెండు వైపులా, వీలైనంత బయటికి అంటించండి. ఆ హైదరాబాద్ రేసుని వెర్న్ గెలిచిన డీఎస్ పెన్స్కే కారు నలుపు బంగారు రంగులు వెయ్యాలంటే బంగారాన్ని మెరిసే నలుపు మీదే కొట్టాలి, తెల్ల ప్రైమర్ మీద కొడితే పసుపుగా తేలిపోతుంది.

#16 ఒకటికె_ఓమ్

రాత్రి రేసు పెడితే కొత్త కార్లని ఏ పాత కారూ అందుకోలేదు. దీపాల ఆకారమే వాటి గుర్తు. 9ఎక్స్8 మూడు గోళ్ల గీతలకి ఒక్కోదానికి ఒక ఎల్‌ఈడీ పెట్టక్కర్లేదు. 0603 సైజు (అతి చిన్న) తెల్ల ఎల్‌ఈడీ ఒకటి లోపల, దాని ముందు 0.5 మి.మీ. ఆప్టికల్ ఫైబర్ మూడు పోగులు, బయటికి వచ్చాక బాడీకి సమంగా కొయ్యండి.

13 వోల్టుల ట్రాక్ అయితే 3.2 వోల్టుల ఎల్‌ఈడీకి 10 మిల్లీ ఆంపియర్లు చాలు, రెసిస్టర్ లెక్కకి 980 ఓమ్‌లు వస్తుంది, 1 కె (1000 ఓమ్‌లు) వెయ్యండి. అనలాగ్ ట్రాక్ మీద ట్రిగ్గర్ వదిలితే దీపం ఆరిపోతుంది. వెలుగు నిలవాలంటే 5.5 వోల్టుల సూపర్ కెపాసిటర్ కావాలి. దాన్ని నేరుగా ట్రాక్ వోల్టేజికి కలిపితే ఉబ్బి పాడవుతుంది. ముందు డయోడ్, తర్వాత 5 వోల్టుల రెగ్యులేటర్, ఆ తర్వాత కెపాసిటర్. కెపాసిటర్ తర్వాత వచ్చే ఎల్‌ఈడీకి 1 కె కాదు, 180 ఓమ్‌లు.

బాడీ లోపల దీపం చుట్టూ ముందు నలుపు, దాని మీద వెండి రంగు వెయ్యండి. నలుపు లేకపోతే తెల్లటి 963 ముక్కు మొత్తం లోపలినుంచి వెలుగుతుంది.

#17 పినియన్_11

అందరికీ ధన్యవాదాలు. మా ట్రాక్‌లో అతి చిన్న వంపు 350 మి.మీ. కాబట్టి ఎఫ్‌వన్ తీసేస్తున్నాం. హైపర్‌కార్లు, జీటీ3 ఒకే సాయంత్రం విడివిడి హీట్లుగా. నిబంధనల ముసాయిదా: వెనక టైరు వ్యాసం కనీసం 20.5, రిమ్ గరిష్ఠంగా 16.5, చక్రం ఫెండర్‌కి 1 మి.మీ. కంటే లోపలికి ఉండకూడదు, బయటికి అసలు రాకూడదు, రెక్క ఉన్న కారు హీటు మొదలయ్యేటప్పుడు రెక్కతోనే ఉండాలి, మధ్యలో ఊడితే ఆ హీటు ముగిశాకే తగిలించుకోవాలి. టైరు కొలత రేసు ముందా, తర్వాతా?

#18 స్టాన్స్_సెట్

ముందు. రబ్బరు టైరు ట్రూ (సమంగా గుండ్రంగా సానపట్టడం) చేశాక కూడా ఒక సాయంత్రంలో కొంత అరుగుతుంది. 20.5 అని పెడితే అందరూ సరిగ్గా 20.5కే అరగదీసుకొస్తారు, కాబట్టి కొలిచే గేజ్ ఒకటే ఉండాలి, అందరూ దానితోనే చూసుకోవాలి. అల్యూమినియం పలకలో 20.5 మి.మీ. వెడల్పు గాడి కోయించండి, టైరు దాంట్లోంచి జారిపోతే ఆ కారు ఆగినట్టే.